కొట్టమని ఇచ్చిన మాట

నా కొడుకును కొట్టమని బడికి మాటిచ్చింది వాళ్ళ నాన్నే. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అరవైల సంగతి ఇది. మాది నాంపల్లి స్టేషన్ వెనక కిరాయి ఇల్లు. మా ఆయన లక్డీకాపూల్‌లో సర్కారు దఫ్తరులో గుమాస్తా. అప్పట్లో మావాళ్ళలో ఒక రివాజు ఉండేది. పిల్లవాణ్ణి బడిలో వేసేటప్పుడు తండ్రి పంతులు ముందు చేతులు కట్టుకుని నిలబడి, తోలు ఒలిచినా మంచిదే, కండ్లూ బొక్కలూ మాత్రం మాకు మిగల్చండి అని అప్పగించేవాడు. అలా అనకపోతే కొడుకు బాగుపడటం ఇష్టంలేని తండ్రి కిందే లెక్క. వీణ్ణి హైస్కూల్లో వేసినప్పుడు మా ఆయన క్లాసు సారుతో ఆ మాట నవ్వుతూ అన్నారు. సారు కూడా నవ్వారట. ఎంత ముచ్చటో!

పదమూడేళ్ళు వచ్చేసరికి మావాడి ధోరణి ఇది. గిన్నె ఇచ్చి పెరుగు తెమ్మంటే, స్టేషన్‌లో ఇంజను మళ్ళిస్తుంటే చూస్తూ నిలబడిపోయేవాడు. గిన్నె ఎక్కడ పెట్టాడో వాడికే తెలియదు. ఒక లెక్క సగం చేసి ఇంకో లెక్కలోకి దూకేవాడు. సారు ప్రశ్న పూర్తిచేయకముందే జవాబు చెప్పేసేవాడు. జవాబు సరిగ్గా ఉండేది, అందుకే సారుకు ఇంకా మంట. కూర్చోబెడితే కాలు ఊగుతూనే ఉండేది. బెత్తం సరిగ్గా ఆ కాలి మీదే పడేది.

"తెలివి ఉన్నది. కావాల్నని చేస్తుండు," అని సారు తీర్పు. "తల్లి గారాబం," అని ఆడబిడ్డలు. ఇప్పుడు దీన్ని ఏడీహెచ్‌డీ అంటున్నారు, డాక్టర్లు ఉన్నారు, తల్లిదండ్రులను కూర్చోబెట్టి చెబుతున్నారు. సంతోషం. మా రోజుల్లో దానికి ఉన్న పేర్లు తిక్క, పొగరు, గారాబం. మూడూ తిట్లే.

మా బావగారికి ఉస్మాన్‌గంజ్‌లో మిర్చి దుకాణం. "తొమ్మిదో క్లాసు తప్పనియ్యి, నా దుకాన్ల పడేద్దాం. బస్తాలు మోస్తే నెత్తి కుదురైతది," అన్నారు. మా ఆయన సరేనన్నారు. అన్నదమ్ములిద్దరూ చాయ్ తాగుతూ నా కొడుకు చదువుకు అలా ముహూర్తం పెట్టేశారు. లోపల నేను రొట్టెలు చేస్తున్నాను. కన్నదాన్ని, నన్నెవరు అడుగుతారు!

ఆ 'కావాల్నని' అన్న మాట నాకు మింగుడుపడలేదు. ఒక సాయంత్రం వాడు పొయ్యి దగ్గరకొచ్చి నా పక్కన కూలబడ్డాడు. "అమ్మా, నేను ఇనాల్ననే కూసుంటనే. నడుమల మనసు యాడికో పోతది. యాడికి పోతదో నాకే ఎర్కలేదు," అంటూ ఏడ్చాడు. పిల్లవాడు తన బాధ అంత తేటగా చెప్పుకుంటుంటే అంత చదివిన పెద్దమనుషుల్లో ఒక్కరికీ వినపడలేదు.

తర్వాత ఒకరోజు నేను బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాను. వాడు ఎదురుగా కూర్చుని చరిత్ర పుస్తకంలో ఒకే పేజీని తదేకంగా చూస్తున్నాడు. నాకు విసుగొచ్చి పుస్తకం లాక్కుని, చాట వాడి ఒళ్ళో పెట్టాను. వాడు రాళ్ళు ఏరుతుంటే నేను పాఠం పైకి చదివాను. అయ్యాక అడిగితే పొల్లు పోకుండా అప్పజెప్పాడు! నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. చేతికి పని ఉంటే వాడి బుర్ర నిలకడగా ఉంటుంది. ఇంతే కదా, దీనికా ఇన్ని దెబ్బలు?

ఆ రోజు నుంచి మా ఇంట్లో చదువు తీరు మారింది. పప్పు బాగుచేస్తూ సైన్సు, ఆబిడ్స్ దాకా నడుస్తూ తెలుగు పద్యాలు. లెక్కలైతే కాగితం మీద ఒక్కటే రాసిచ్చేదాన్ని, అది తేలాకే రెండోది. మా ఆయనకు నామోషీ ముంచుకొచ్చింది.

"మొగపోరనితోని బియ్యం ఏరిపిస్తున్నవా? నలుగురు జూస్తే ఏమంటరు?"

"జూడనియ్యుండ్రి. ఆ నలుగురికి నేను వండిపెడ్తలేను గదా," అన్నాను.

ఒక సాయంత్రం వాడు చాట ముందు కూర్చుని గింజ పట్టుకోలేకపోయాడు. వేళ్ళ కణుపులు ఉబ్బిపోయి ఉన్నాయి. సారు స్కేలు అంచుతో కొట్టారట. ఆ పూట అన్నం నేనే కలిపి తినిపించాను. మర్నాడు చీర మార్చుకుని బడికి వెళ్ళాను. మగపిల్లల బడికి తల్లులు వెళ్ళే రోజులు కావవి. సార్లంతా లేచి నిలబడ్డారు. నేను నేరుగా వాడి సారు దగ్గరికి వెళ్ళాను.

"సార్, కొట్టుమని మా ఇంటాయన మీకు మాటిచ్చిండు గదా. ఆ మాట నేను వాపస్ తీసుకుంటున్న."

"తండ్రి ఇచ్చిన మాట తల్లి వాపస్ తీసుకునుడు యాడన్న ఉన్నదా అమ్మా?" అని ఆయన నవ్వారు.

"ఈడ ఉన్నది. ఇంకొక్క దెబ్బ పడితే నేను రోజూ వచ్చి మీ క్లాసుల కూసుంట."

ఆయన నవ్వు ఆగింది. "సరే, ఇగ ముట్ట. సదువు గూడ అడగ. ఫెయిలైతే నన్ననొద్దు," అన్నారు. అన్నట్టే వాణ్ణి చివరి బెంచీకి తోసి, పరీక్షల దాకా వాడి వైపు చూడలేదు. కొట్టడం మానితే చదువు చెప్పడమూ మానాలని ఏ శాస్త్రంలో రాసి ఉందో నాకు తెలియదు.

వాడు పాసయ్యాడు. మిర్చి దుకాణం మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. మా ఆయన ఆబిడ్స్‌లో కలాకంద్ డబ్బా కొని, మా ఇద్దరినీ వెంటబెట్టుకుని బడికి బయల్దేరారు. డబ్బా సారు బల్ల మీద పెట్టి, "మీ దెబ్బలతోనే మనిషైండు సార్," అన్నారు. అక్కడే అరవాలనిపించింది.

"సారు కాళ్ళు మొక్కు," అన్నారు మా ఆయన. వాడు వంగాడు. సారు దీవించడానికి చెయ్యెత్తారు. ఆ చెయ్యి చూడగానే నా కొడుకు రెండు చేతులూ తలకు అడ్డం పెట్టుకుని అక్కడే నేల మీద ముడుచుకుపోయాడు.

సారు చెయ్యి దించలేదు. మా ఆయన కిందికి వంగి వాడి భుజాలు పట్టుకున్నారు. "లే బిడ్డా. ఇంటికి పోదాం పా," అన్నారు.

వాళ్ళిద్దరూ గుమ్మం దాటారు. నేను బల్ల మీది కలాకంద్ డబ్బా తీసుకుని వాళ్ళ వెనక నడిచాను.