ప్రశ్నపత్రాన్ని రిపేరు చేసిన మెకానిక్

ఆటోనగర్‌లో నాగబాబు చెవికి పెద్ద పేరుంది. బస్సు గేటు దాటి లోపలికి రాకముందే, చేతిలో టీ గ్లాసు కింద పెట్టకుండానే "మూడో సిలిండరు" అనేవాడు. విప్పి చూస్తే మూడో సిలిండరే. ఆరో తరగతిలో బడి మానేసి స్పానరు పట్టినవాడు, నలభై ఆరేళ్ళొచ్చినా మళ్ళీ పుస్తకం ముఖం చూడలేదు. అలాంటివాణ్ణి చదువుకు పోలెండు పంపడం వెనక గొప్ప ఆలోచనేమీ లేదు. అతని దగ్గర పాస్‌పోర్టుంది, అంతే.

షెడ్డు యజమాని జయకృష్ణ కొత్తరకం విదేశీ బస్సుల సర్వీసింగు తీసుకున్నాడు. ఆ కంపెనీ షరతు ఒకటే. షెడ్డులో ఒక్కడైనా పోలెండులోని వాళ్ళ శిక్షణ బడిలో రెండు నెలలు చదివి సర్టిఫికెట్ తేవాలి. జయకృష్ణ ఇద్దరు ఇంజనీర్లను ఎంచాడు. ఒకడికి వీసా రాలేదు, రెండోవాడికి పాస్‌పోర్టే లేదు. నాగబాబేమో ఎప్పుడో కువైట్ వెళ్ళాలని పాస్‌పోర్టు తీయించి, వెళ్ళలేక బీరువాలో చీరల కింద దాచాడు.

"నాకు ఇంగ్లీషు రాదండీ" అన్నాడు నాగబాబు.

"క్లచ్చంటే ఏంటి?" అన్నాడు జయకృష్ణ.

"క్లచ్చేనండి."

"గేరుబాక్సంటే?"

"గేరుబాక్సండి."

"ఇంకేం రావాలయ్యా నీకు?"

సర్టిఫికెట్ తెస్తే షెడ్డులో హెడ్ మెకానిక్ చేస్తానన్నాడు. తేకపోతే ఏమవుతుందో జయకృష్ణ మాట్లాడలేదుగానీ ఆటోనగరంతా మాట్లాడింది. తోటివాళ్ళు రోడ్డు మొగలో ఫ్లెక్సీ కట్టారు. అందులో నాగబాబు కోటు వేసుకుని, వెనక విమానం పెట్టుకుని నిలబడ్డాడు. ఆ కోటు ఎవరిదో తెలియదు. తల మాత్రం అతనిదే.

గన్నవరం ఎయిర్‌పోర్టులో సాగనంపుతూ భార్య సుధామణి కళ్ళనీళ్ళు పెట్టుకోలేదు. "ఫెయిలై వచ్చావనుకో, ఆ ఫ్లెక్సీ వాళ్ళు తియ్యరయ్యా. నవ్వుకోటానికి అట్టాగే ఉంచుతారు. కూరగాయలకి నేను రోజూ ఆ దారినే పోవాలి" అంది.

పోలెండులో దిగిన ఊరి పేరు పలకాలంటే నోట్లో గుప్పెడు నట్లు పోసుకున్నట్టుంది. చలికి ముక్కు ఉందో ఊడిందో తడిమి చూసుకోవాల్సి వచ్చింది. ఈ రెండింటికీ సర్దుకున్నాడు. సర్దుకోలేకపోయింది ఆ బడికే. వర్క్‌షాపు నేలమీద అన్నం పెట్టుకుని తినొచ్చు. ఎక్కడా ఒక్క నూనె మరక లేదు. మరకే లేనిచోట పని జరుగుతుందంటే నాగబాబుకు నమ్మకం కుదరలేదు.

తొమాష్ అనే మాస్టారు సోమవారమే రూల్సు చెప్పాడు. చేతులకు గ్లౌజులు, కళ్ళకు అద్దాలు ఉండాలి. ఇంజనులో జబ్బు వెతకడానికి పన్నెండు స్టెప్పులున్న కాగితముంది, అది చదవకుండా దేన్నీ తాకకూడదు. మొదటి వారం పరీక్ష శుక్రవారం. తప్పినవాళ్ళు ఆదివారం విమానమెక్కి ఇంటికి పోవచ్చు.

క్లాసులో పదిమంది. పక్క కుర్చీలో ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన మారిసెల్ కూర్చునేది. ముప్పై ఏళ్ళ మనిషి, మనీలాలో బస్సు డిపోలో మెకానిక్. ఆమె నాగబాబును "కూయా" అని పిలిచింది. వాళ్ళ భాషలో అన్నయ్య అని అర్థమట. అయితే నువ్వు చెల్లెమ్మవన్నాడు. ముక్కల ఇంగ్లీషు, చేతి సైగలు, అవీ చాలనప్పుడు ఫోన్లో అనువాదం, ఇదీ వాళ్ళిద్దరి భాష.

"మూడు రోజులుగా రొట్టె తింటున్నా కూయా, రాత్రి కలలో బియ్యం బస్తా కనబడింది" అంది మారిసెల్.

"బస్తా ఒక్కటేనా? కూరేం రాలేదా?"

"నువ్వు తెస్తావనుకున్నా."

ఆ సాయంత్రం ఆమె బియ్యం సంపాదించి వండింది, అతను ఆవకాయ సీసా తీశాడు. మొదటి ముద్దకే ఆమె ముక్కూ కళ్ళూ ఒక్కటయ్యాయి. అయినా సీసా వెనక్కివ్వలేదు. అన్నం తింటూ ఆమె పన్నెండు స్టెప్పులూ చదివి వినిపించేది, అతను ఎక్కాల్లాగా బట్టీపట్టేవాడు. బుధవారానికి నిద్రలో లేపినా చెప్పేటంతగా వచ్చేశాయి.

"ఇంతకీ ఇంజనెప్పుడు ముట్టుకోనిస్తారు చెల్లెమ్మా?"

"శుక్రవారం."

"మా షెడ్డులో ఇంతసేపు కాగితం చూస్తే, కస్టమరు బండి నెట్టుకుంటూ పక్క షెడ్డుకి పోతాడు."

గురువారం మధ్యాహ్నం భోజనాలకు ముందు, తొమాష్ నాలుగో నంబరు ఇంజను స్టార్టు చేశాడు. అది ఉబ్బసం మనిషిలా ఎగపోస్తూ, ఆగుతూ, దగ్గుతూ కాసేపు తిరిగింది. తొమాష్ తలూపి, ఆపేసి, ఈలవేసుకుంటూ భోజనానికి పోయాడు. నాగబాబుకు ముద్ద దిగలేదు. పాపం, పెద్దమనిషి ఇంజను పాడైనా పట్టించుకోకుండా పోతున్నాడే అనుకున్నాడు. అందరూ క్యాంటీన్లో ఉండగా ఒక్కడే వెనక్కొచ్చాడు.

ట్యాంకు నుంచి పంపుకొచ్చే పైపు దగ్గర గాలి పీలుస్తోందని అతని చెవి ముందే చెప్పింది. బోల్టు విప్పితే రాగి వాషరు మీద గాటుంది. "ఏ చేతకాని వెధవ చేశాడో, ఆకురాయితో గీకినట్టుంది" అని తిట్టుకుని, వాషరును గుమ్మం రాయి మీద రుద్ది చదును చేశాడు. వెనక గుమ్మంలోంచి క్యాంటీను వంటగదిలో దూరి, స్టవ్వు మీద ఎర్రగా కాల్చి, నీళ్ళలో ముంచి మెత్తబరిచాడు. మళ్ళీ బిగించి, పైపులో గాలి తీసి స్టార్టు చేశాడు. ఇంజను బియ్యం చెరిగినట్టు ఒక్క లయలో తిరిగింది. మొత్తం ఇరవై నిమిషాలు. ఎవరికీ చెప్పలేదు. మాస్టారే కనిపెట్టి ఆశ్చర్యపోవాలని అతని ఆశ.

శుక్రవారం మొదటి పరీక్ష మారిసెల్‌ది. తొమాష్ గంభీరంగా నాలుగో నంబరు స్టార్టు చేసి, "జబ్బేమిటో కనుక్కో" అన్నాడు. మారిసెల్ చెవొగ్గి విని, "ఏ జబ్బూ లేదు సార్" అంది. తొమాష్ ఆపాడు. మళ్ళీ స్టార్టు చేశాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మరోసారి స్టార్టు చేశాడు.

"దీన్ని ఎవరు ముట్టుకున్నారు?"

నాగబాబు చెయ్యెత్తి లేచి నిలబడ్డాడు. అంతకుముందు ఎప్పుడూ అంత నిటారుగా నిలబడలేదు.

తొమాష్ ముఖం బ్రేకు లైటులా వెలిగింది. తన సొంత భాషలో చాలాసేపు అరిచి, చివర్న ఇంగ్లీషులో రెండు ముక్కలన్నాడు. మారిసెల్ తల పట్టుకుని గుసగుసగా చెప్పింది. "కూయా, ఆ జబ్బు ఆయనే పెట్టాడు. పరీక్షంటే అదే. నువ్వు ప్రశ్నపత్రాన్ని రిపేరు చేసేశావు."

"కావాలని పాడుచేశాడా? లక్షణంగా ఉన్న ఇంజన్నా? మా ఊళ్ళో అయితే తంతారు!"

"ఏమంటున్నాడు?" అన్నాడు తొమాష్.

"క్షమించమంటున్నాడు సార్."

తొమాష్ వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. అనుమతి లేదు. గ్లౌజుల్లేవు. ఒంటరిగా పనిచేశాడు. ఇంటికి పంపడానికి ఈ మూడూ చాలన్నాడు. తర్వాత వాషరు విప్పి, వేలితో తడిమి, ఎలా మెత్తబరిచావని అడిగాడు. నాగబాబు క్యాంటీను వైపు చూపించాడు. తొమాష్ నాలుగో వేలు కూడా మడిచాడు.

నాగబాబు మారిసెల్ వైపు తిరిగాడు. "చెల్లెమ్మా, ఒక్క అవకాశం ఇమ్మను. ఊళ్ళో తలెత్తుకోలేనమ్మా" అన్నాడు. ఈసారి ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది.

తొమాష్ వాషరును మళ్ళీ బిగించి, "ఇదే ఇంజను మీద పన్నెండు స్టెప్పులూ చెయ్యి. నువ్వు నోటితో చెప్పు, నేను రాస్తాను. ఒక్కటి దాటేసినా ఆదివారం విమానం" అన్నాడు.

నాగబాబు గ్లౌజులు తొడిగాడు. "మొదటిది, ట్యాంకులో డీజిల్. ఉంది."

"చూశావా?"

"నిన్న చూశా."

"ఇవాళ చూడు."

చూశాడు. చిన్నపిల్లల ఆటలా అనిపించింది. బ్యాటరీ చూశాడు, ఆయిల్ చూశాడు, నీళ్ళు చూశాడు. ఐదోది ఫ్యాను బెల్టు, లోపలివైపు వేలు పెట్టి తడమాలి. విసుగ్గా తడుముతున్న వేలు ఒకచోట ఆగింది. బెల్టు లోపల సగం మందం దాకా కోత. చప్పుడు చేయని జబ్బు. నిన్న చెవికి అందలేదు.

"ఇది కూడా నువ్వే కోశావా?" అన్నాడు తెలుగులోనే.

అనువాదం లేకుండానే తొమాష్‌కు అర్థమైంది. వారంలో మొదటిసారి నవ్వాడు.

ఈ బెల్టుతో ఆటోనగర్ నుంచి బస్సును వదిలిపెట్టి ఉంటే హనుమాన్ జంక్షన్ చేరకముందే పుటుక్కుమనేది. ఇంజను కాగిపోయేది. మిట్టమధ్యాహ్నం యాభైమంది రోడ్డు మీద నిలబడి నాగబాబును అమ్మానాన్నలతో సహా తిట్టేవాళ్ళు. అతను గొంతు సవరించుకుని, ఆరో స్టెప్పు మాత్రం నెమ్మదిగా, "అండీ" చేర్చి చెప్పాడు.

మడిచిన నాలుగు వేళ్ళకీ మార్కులు కోసేయగా, నూటికి యాభై రెండు వచ్చాయి. పాసుకు యాభై కావాలి.

మిగతా తొమ్మిదిమంది కోసం తొమాష్ ఐదో నంబరు ఇంజన్లో కొత్త జబ్బు పెట్టాడు. పెట్టేముందు నాగబాబును బయట వరండాలో కుర్చీలో కూర్చోబెట్టి తలుపేశాడు. మారిసెల్ లోపలికి పోతూ ఆగింది.

"లేవకు కూయా."

"లేవను."

"ఇంజను పాడినా, దగ్గినా, ఏడ్చినా నీకు సంబంధం లేదు."

"లేదమ్మా, ఎల్లు."

తలుపు వెనక ఐదో నంబరు స్టార్టయింది. రెండు క్షణాలు విన్నాడు. ఇంజెక్టరు, రెండోది. చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని, బరువంతా వాటిమీద వేసి కూర్చున్నాడు.