సుబేదారు గారు వేసిన సున్నాలు

మా బావ సింగయ్య అంటే నాకు పడదు. ఈ మాట ముందే చెప్పేస్తే తర్వాత ఎవరూ నన్ను తప్పుపట్టరు. నిజాంపట్నంలో వేటకెళ్లే ఇంట్లో పుట్టి, పద్దెనిమిదేళ్లు మిలటరీలో చేసి, హవల్దారుగా రిటైరై రేపల్లెలో ఇల్లు కట్టుకున్నాడు. అక్కడెక్కడో కొండరోడ్డు మీద ముందు వెళ్తున్న లారీ పేలిపోయిందట. అందులో నలుగురినీ ఈయనే ఏరి సంచుల్లో కట్టాడట. పాపం అని అందరూ అంటారు. నేనూ అనేవాణ్ణే, మా అక్క మెడ చూసేదాకా.

నిద్రలో ఎవరనుకున్నాడో ఏమో, మా నాగదుర్గక్క గొంతు రెండు చేతులతో నొక్కేశాడు. నాలుగు రోజులు ఆవిడ మెడ చుట్టూ పైట కప్పుకుని తిరిగింది. తెలిసిన పూటే తెనాలిలో నా సెల్‌ఫోన్ షాపు మూసేసి రేపల్లె రైలెక్కాను.

"పద అక్కా, పోదాం. ఈ ఇంట్లో ఒక్క నిమిషం ఉండొద్దు."

"మూడు నెలలు ఆగరా వినయ్. డాక్టరు గారు ఫోన్లో ఏదో యాప్ పెట్టుకోమన్నారు. అది చూసి మందులు మారుస్తారంట. తగ్గకపోతే పెద్దాసుపత్రికి పంపిస్తారంట. అప్పటికీ ఇట్లాగే ఉంటే నీ వెంట వచ్చేస్తా."

"ఫోన్ నొక్కితే మనిషి బాగుపడతాడా? నేను రోజూ అమ్మేది ఆ ఫోన్లే!"

"నోర్మూసుకుని అదేదో ఎక్కించు," అంది.

నా ఖర్మ కాకపోతే, దాన్ని ఎక్కించింది కూడా నేనే. తెనాలిలో మాజీ సైనికులు వెళ్లే చిన్న క్లినిక్ వాళ్ల యాప్ అది. ప్రతి శనివారం ఇరవై ప్రశ్నలు అడుగుతుంది. పీడకలలు వస్తున్నాయా, ఉలిక్కిపడుతున్నారా, కోపం ఆగడం లేదా. ఒక్కోదానికి సున్నా నుంచి నాలుగు దాకా మార్కులు. ఎక్కువ వస్తే జబ్బు ఎక్కువని అర్థం. మొదటిసారి క్లినిక్‌లో నర్సు తనూజ పక్కన కూర్చుని వేయిస్తే యాభై ఎనిమిది వచ్చాయి. మిగతా రోజుల్లో ఒక ఆడగొంతు "గాలి నెమ్మదిగా పీల్చండి" అంటుంది. ఆ గొంతును మా బావ తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

ఆరు వారాలకు తనూజ ఫోన్ చేసింది. "గుడ్ న్యూస్ వినయ్ గారూ! మీ బావగారి స్కోరు మూడుకి దిగిందండి. వచ్చే వారం డాక్టర్ గారు కేసు క్లోజ్ చేసేస్తారండి."

వెంటనే అక్కకి చేశాను. స్కోరు సంగతి చెప్పాను. "నిన్న కుక్కర్ విజిల్ వేస్తే కంచం గోడకేసి కొట్టాడురా. నేను లోపలి గదిలో గడియ పెట్టుకుని పడుకుంటున్నా," అంది.

ఈ మనిషికి మూడు మార్కులా! నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కేసు మూసేస్తే మందు మారదు, పెద్దాసుపత్రీ ఉండదు. ఈసారి ఆ చేతులు వదలకపోతే మా అక్క ఏమైపోవాలి?

ఆ రోజు శనివారమే. శనివారాలు బావ బాపట్లలో మాజీ సైనికుల సంఘం గదిలో ఉంటాడు. నాలుగింటికల్లా అక్కడ దిగాను. లోపల టేబుల్ మీద ఏడు ఫోన్లు వరసగా పెట్టి ఉన్నాయి. రిటైర్డ్ సుబేదారు పూర్ణచంద్రరావు కళ్లజోడు ముక్కు మీదికి దించుకుని ఒక్కో ఫోనూ తీసి టకటకా నొక్కుతున్నాడు. ఏడుగురు మగాళ్లు చేతులు వెనక్కి కట్టుకుని వరసగా నిలబడ్డారు. మా బావ ఆ చివర ఉన్నాడు.

"ఏంటండీ ఇది?" అన్నాను.

"రిపోర్టు పంపిస్తున్నా," అన్నాడు సుబేదారు తలెత్తకుండా. "జవాన్ల రిపోర్టు సీనియర్ ద్వారానే పైకి పోవాలి. ముప్ఫై ఏళ్లలో నా కింద ఒక్కడు కూడా సిక్ అనలేదు. అన్నీ సున్నాలేస్తే ఆ నర్సమ్మకి డౌటొస్తుందని అక్కడక్కడా ఒకటి వేస్తున్నా."

ఎంత గొప్పగా చెప్పాడో!

"మీకసలు బుద్ధుందా? మీ సున్నాల వల్ల మా ఇంట్లో ఒక మనిషి చచ్చేలా ఉంది!"

ఆయన ఒంటికాలి మీద లేచాడు. "సివిలియన్‌వి, నోరు అదుపులో పెట్టుకో!"

నేను బావ వైపు తిరిగాను. "ఆయనకంటే తెలీదు, నీకేమైంది బావా? మా అక్క పీక పిసికావే, దానికెంత వేశాడో అడిగావా? సున్నా! సిగ్గులేదూ నీకు?"

వరసలో తలలన్నీ బావ వైపు తిరిగాయి. పక్కనున్న ఆరుగురికీ ఆ సంగతి అప్పుడే తెలిసింది. బావ మొహం నల్లబడింది. కొడతాడనుకున్నాను. కొడితే నేనూ రెండు తగిలిద్దామనే ఉన్నాను.

కానీ బావ టేబుల్ దగ్గరికి నడిచాడు. "సాబ్, నా ఫోన్ ఇవ్వండి."

"వెళ్లి నిలబడు సింగయ్యా."

"ఇవ్వండి సాబ్."

సుబేదారు ఇవ్వలేదు. బావ ఆయన చేతిలోంచి లాక్కుని, అక్కడే నేల మీద కూర్చుని, ఒక్కో ప్రశ్నా పైకి చదువుతూ నొక్కడం మొదలుపెట్టాడు. "కలలు, నాలుగు. కోపం, నాలుగు. జరిగింది కళ్లముందు కనపడటం..." అక్కడ ఆగి మొహం తుడుచుకున్నాడు. "నాలుగు." అరవై తొమ్మిది వచ్చింది. పంపేశాడు. సుబేదారు చూస్తుండగానే ఇంకొకాయన వచ్చి తన ఫోన్ కూడా తీసుకున్నాడు.

పావుగంటలో తనూజ ఫోన్ చేసింది. "ఆయన్ని ఒంటరిగా వదలొద్దండి. ఆదివారమైనా సరే, డాక్టర్ గారు రేపు పొద్దున్నే తీసుకురమ్మన్నారు."

బస్టాండులో బావ నా పక్కన కూర్చున్నాడు. "మీ అక్కని తీసుకెళ్లిపోరా," అన్నాడు.

నేను ఎప్పటినుంచో కోరుతున్నదే అది. అయినా ఒళ్లు మండింది. "ఈ మాట చెప్పడానికి ఇన్నాళ్లు పట్టిందా?"

"సిగ్గేసి చెప్పలేదు. కన్ను మూస్తే అది నా చేతుల్లో చచ్చిపోద్దని భయంరా. ఆ రోజు నుంచీ వరండాలో కుర్చీలో కూర్చునే తెల్లారుస్తున్నా. ఇంక నావల్ల కావట్లేదు. అది మీ ఇంటికెళ్తే ఒక్క రాత్రి పడుకుంటా."

నాకు ఆయన మీద కోపం తగ్గలేదు. రేపల్లె చేరగానే అక్కని తెనాలి రైలెక్కించాను. ఇంటికొచ్చి, బావకి మంచం వేసి, ఆ కుర్చీ ఈడ్చుకుని వరండాలో నేను కూర్చున్నాను.

"పడుకుని చావు," అన్నాను. "నేను మేలుకునే ఉంటా."