ఎయిర్ బ్లాస్టు మధ్యలో ఎమ్మెస్సీ సీటు

ఆ రోజుల్లో అంటే మరీ పాతకాలం అనుకోకండి, ఫోన్లో ముఖాలు చూసుకుంటూ ఇంటర్వ్యూలు చెయ్యడం మొదలయ్యాక సంగతే. తనకు తెలిసిందే లోకమంతటికీ తెలుసన్న ధీమా ఆ వయసులో అందరికీ ఉంటుంది గానీ, నాకు కాస్త ఎక్కువ పాళ్లలో ఉండేది. మా కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లో గనులు నేను బడిలో చేరకముందే మూతపడ్డాయి. ఆ కబురు నేలకు ఎవరూ చెప్పలేదేమో, అది అప్పుడప్పుడు కదులుతూనే ఉండేది. వదిలేసిన సొరంగాల్లో ఎక్కడో బండ పగులుతుంది, పైన మా లైన్ ఇళ్లలో (కార్మికుల కోసం వరసగా కట్టిన గదులు లెండి) గిన్నెలు గలగలమంటాయి, దేవుడి పటం ఓ పక్కకు ఒరుగుతుంది. దాన్ని మేం ఎయిర్ బ్లాస్టు అంటాం. అది వచ్చినప్పుడు ఎవరూ పరుగెత్తరు. కాఫీ తాగేవాళ్లు లోటా గట్టిగా పట్టుకుంటారు, అంతే. బయటి ఊళ్ల నుంచి వచ్చిన కోడళ్లు మాత్రం కొన్నాళ్లు వీధిలోకి ఉరుకుతారు, తర్వాత వాళ్లూ లోటానే పట్టుకుంటారు.

మా ఇంట్లో దానికి తోడు ఇంకో మర్యాద ఉండేది. మా తాత చిత్తూరు పక్క పల్లె నుంచి గని పనికి వచ్చి, అలాంటి ఒక బ్లాస్టులో లోపలే ఉండిపోయాడు. ఎంత తవ్వినా మనిషి దొరకలేదట. ఆయన ఇనప పెట్టె ఒక్కటే ఇంట్లో మిగిలింది. అప్పటి నుంచి నేల కదిలినప్పుడల్లా మా అవ్వ వంగి, గచ్చు మీద అరచెయ్యి ఆనించి, పక్క గదిలో ఉన్న మనిషికి చెప్పినట్టు ఇంటి సంగతులు చెప్పేది, రాగులు అయిపోయాయనో, నాకు జ్వరం తగ్గిందనో. పెద్ద అదురు తర్వాత ఒక్కోసారి కింద నుంచి టక్ టక్ మని వినిపిస్తుందనీ, అది ఆయన సుత్తి దెబ్బేననీ ఆమె నమ్మకం. చిన్నప్పుడు నేను మధ్యాహ్నాలు గచ్చుకు చెవి ఆనించి పడుకునేదాన్ని. ఎప్పుడూ ఏమీ వినపడేది కాదు. ఆ మాట అవ్వతో అనడానికి మనసొప్పక, వినపడిందని చెప్పడానికి భయమేసి, నిద్రపోయినట్టు నటించేదాన్ని.

డిగ్రీ అయ్యాక భూభౌతిక శాస్త్రంలో ఎమ్మెస్సీకి అప్లికేషన్లు పెట్టడానికి అసలు కారణం అదే. కింద ఉన్నదేమిటో నాకు తెలియాలి. (ఈ ముక్క మాత్రం అప్లికేషన్‌లో రాయలేదు. నెట్ సెంటర్లో కూర్చుని ఎక్కడెక్కడి గొప్ప వాక్యాలో ఏరి పెట్టాను. చిన్ననాటి నుంచి నక్షత్రాలను చూసి పరవశించానన్నది వాటిలో ఒకటి. భూమి లోపలి చదువుకు నక్షత్రాలెందుకో నాకు ఇప్పటికీ తెలియదు.) పెట్టిన చోటల్లా కాదన్నారు. చివరికి ఒక్క యూనివర్సిటీ ఇంటర్వ్యూకు పిలిచింది. అదీ పోతే బెంగళూరులో మామ పనిచేసే ఆఫీసులో చేరి, పొద్దున రైలెక్కి చీకటి పడ్డాక దిగే మా ఊరి జనంలో కలిసిపోవాలని నాయన ముందే తేల్చేశాడు. ఆ రైలంటే నాకు గని కంటే భయంగా ఉండేది.

మా ఇంట్లో సిగ్నల్ వెనక గది కిటికీ దగ్గరే దొరుకుతుంది. అక్కడ ఫోను నిలబెట్టడానికి తాత పెట్టె తప్ప మరేమీ లేదు. అవ్వ ఒప్పుకోలేదు.

"ఆయన పెట్టి మీద వద్దు పాపా, ఆయనకు పిలుపు పోయినట్టు అయితాది" అంది.

నేను నవ్వేసి అక్కడే పెట్టాను. ఆ మధ్యాహ్నం, బంగారం తీశాక మిగిలిన పిప్పి పోసిన సైనైడ్ దిబ్బల మీద నుంచి రోజూ దుమ్ము మోసుకొచ్చే గాలి ఎందుకో పడిపోయింది. వీధిలో కోళ్లు కూడా నోరు మూసుకున్నాయి. ఫోన్లో ఒక పెద్దసారూ, ఒక మేడమూ కనిపించారు. నక్షత్రాల గురించి అడిగితే నీళ్లు నమిలాను. మేడం జాలిపడి, నువ్వెప్పుడైనా స్వయంగా భూకంపం చవిచూశావా అని అడిగింది. తడుముకోకుండా లేదన్నాను, మా ఊళ్లో భూకంపాలు రావని కూడా చెప్పాను. ప్రమాణం చేయమన్నా చేసేదాన్ని.

అప్పుడు నేల కదిలింది. కింద నుంచి ఎవరో తలుపు తన్నినట్టు ఒక్క అదురు, పైకప్పు నుంచి సున్నం రాలింది, గిన్నెలన్నీ ఒకేసారి మోగాయి. నేను ఒక చేత్తో కాఫీ లోటా, ఇంకో చేత్తో పెట్టె మీది ఫోనూ పట్టుకుని, అడగని ప్రశ్నకు జవాబు చెప్పుకుంటూ పోతున్నాను. అవతల మేడం కుర్చీలోంచి లేచి నిలబడింది. ఏమిటది అని పెద్దసారు అడిగాడు. ఏం లేదు సార్, ఎయిర్ బ్లాస్టు, మీరు అడగండి అన్నాను.

అంతా నిశ్శబ్దమైపోయాక మేడం, మీ తలుపు ఎవరో కొడుతున్నారు, వెళ్లి చూడమంది. తలుపు తీసే ఉంది. గడప దగ్గర ఎవరూ లేరు. మళ్లీ కొడుతున్నారు అంది ఆమె. పెద్దసారు కూడా చెవి దగ్గరకు పెట్టి తలూపాడు. నాకు మాత్రం ఏమీ వినపడలేదు. పెట్టె మీద ఆనించిన చెయ్యి తియ్యడానికి కూడా ధైర్యం చాలలేదు. ఇంతలో అవ్వ వచ్చింది. ఫోను వైపు చూడనైనా చూడకుండా వంగి, గచ్చు మీద చెయ్యి పెట్టింది.

"ఇదో, రోంతసేపు ఊరికే ఉండు. పాప పెద్దోళ్లతో మాట్లాడతా ఉండాది."

ఆగిపోయింది, అంది మేడం చాలా మెల్లగా.

ఆ ముసలావిడ ఎవరితో మాట్లాడుతోందని పెద్దసారు అడిగాడు. ఇంక నక్షత్రాలన్నీ రాలిపోయాయి. వచ్చీరాని ఇంగ్లీషులో తాత సంగతీ, గచ్చుకు ఆనించిన చెవి సంగతీ, కింద ఏముందో మా అవ్వకు చెప్పాలన్న కోరికా అన్నీ కక్కేశాను. వాళ్లు నవ్వలేదు. మధ్యలోనే సిగ్నల్ పోయింది. సీటూ పోయిందనుకుని ఏడుస్తూ, వాళ్లకు చప్పుడు వినపడిందట, నాకు ఎందుకు వినపడలేదని అవ్వను అడిగాను.

"నీకు యాడ వినపడతాది, నువ్వు మాట్లాడతానే ఉంటివి కదా" అంది.

సీటు వచ్చింది. చదువూ వచ్చింది. పాత సొరంగాల్లో నీళ్లు నిండి బండలు సర్దుకుంటాయనీ, ఆ చప్పుడు ఇనప పెట్టె లోంచి ఫోనుకు ఎక్కి ఉంటుందనీ బొమ్మ గీసి మరీ అవ్వకు వివరించాను. చివరిదాకా శ్రద్ధగా వింది. సరేలే, మీ తాత యాడ ఉండాడో అది చెప్పు అంది.

మొన్న సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు మళ్లీ అదురు వచ్చింది. అలవాటుగా లోటా పట్టుకున్నాను. అవ్వకు ఇప్పుడు వంగడం చేతకాదు. మంచం మీద నుంచే, నువ్వు చెప్పు పాపా అంది. వీధిలోంచి ఎవరైనా చూస్తున్నారేమోనని ఒకసారి తలుపు వైపు చూసి, గచ్చు మీద చెయ్యి పెట్టి, అందరం బాగుండాము తాతా అన్నాను. ఏమన్నా వినపడిందా అని అవ్వ అడిగింది. మా ఊళ్లో భూకంపాలు రావని ధీమాగా చెప్పిన ఆ పిల్ల అయితే వెంటనే ఏదో ఒకటి అనేసేది. దాన్ని తలుచుకుంటే నవ్వొచ్చింది. నోరు మూసుకుని, చెయ్యి తియ్యకుండా ఇంకాసేపు అలాగే కూర్చున్నాను.