ఇంజన్లు ఆపే గోవిందరాజు

ఇంజన్ ఊరికే తిరుగుతుంటే మా గోవిందరాజు చూడలేడు. అది ఎవరిదైనా సరే, వెళ్లి తాళం తిప్పి ఆపేస్తాడు. పావగడ బజారులో ఆయన అంగడి ముందు బండి ఆర్పకుండా బెల్లం అడిగినవాడికి ముందు తాళంచెవి చేతిలో పెడతాడు, తరువాతే బెల్లం. తన పెళ్లి ఊరేగింపులో జనరేటర్ ఆపేసి, పెళ్లికూతురి ముఖం తెల్లవారాకే చూశాడు. ఈ మాట నేను చెబితే ఆ పెళ్లికూతురు, మా మరదలు కాంతామణి, "కాన్వెంటులో సదివినోళ్లు ఇన్ని అబద్ధాలు ఆడతారా బావా?" అంటుంది.

"ఆ పొగ యాడికీ పోదన్నా. దుప్పటి మాదిరి కప్పుకోని మనల్నే ఉడకబెడతాది," అనేవాడు గోవిందరాజు.

ఇలాంటి మనిషి సోలార్ పార్కులో గడ్డి కోసే కాంట్రాక్టు పట్టాడు. గడ్డి పెరిగి ప్యానెళ్లపై నీడ పడితే కరెంటు తగ్గుతుంది. ఆ పనికి పెట్రోలు మిషన్లు రెండు కొన్నాడు. వారం తిరక్కుండా వల్లూరులో ఓబళప్ప గడప ముందు నిలబడ్డాడు. ఓబళప్పకు పెద్ద మంద ఉంది, మేతే లేదు. గొర్రెలు మేసిన బీళ్లలో ఇప్పుడు ప్యానెళ్లు నిలిచాయి. వచ్చే సంతలో మందనంతా అమ్మేయాలని అప్పటికే తేల్చుకున్నాడు.

"మిషన్లు చెడిపోయినాయప్పా. నా పరువు పోతాంది. నీ గొర్రెల్ని తోలుకొస్తివా, పెట్రోలుకు పెట్టేదంతా నీకే."

ఓబళప్ప భార్య వైపు తిరిగాడు. "పాపం, సావుకారికి కష్టమొచ్చిండాది హనుమంతీ. పోకుంటే బాగుండదు."

కంపెనీ మేనేజరు భరత్‌కుమార్ ఒక్కరోజు చూస్తానన్నాడు. ఒక్క ప్యానెల్ పగిలినా కాంట్రాక్టు రద్దన్నాడు.

తీరా చూస్తే మందకు ముందు ఒక మేక ఉంది. గొర్రెలను నడిపించడానికి కాపరులు అలా ఒకదాన్ని పెట్టుకుంటారు. అది గేటు దాటగానే ప్యానెళ్ల ఎత్తును ఎగాదిగా చూసింది.

"ఆ మేక ఎందుకు? ఎగిరి ప్యానెళ్లెక్కేస్తుంది," అన్నాడు భరత్‌కుమార్.

"అది నడవకుంటే ఇవి నడవవు సార్," అన్నాడు ఓబళప్ప.

మేకను బయట కట్టేసి చూశారు. గొర్రెలన్నీ గేటు దగ్గరే బొమ్మల్లా నిలబడిపోయాయి. గోవిందరాజు పంచె ఎగ్గట్టి, మేకను భుజాలకెత్తుకుని ముందు నడిచాడు. వెనకే మంద కదిలింది. సాయంత్రం దాకా వరుస వరుసకూ అలాగే తిరిగాడు. మేక ఆయన చొక్కా కాలరు నమిలేసి చెవిని కూడా రుచి చూసింది.

"గోవిందూ, దీనికి తాళం యాడుండాదో చూడు," అన్నాను, వేడుక చూడ్డానికి వెళ్లిన నేను.

"ఇది పెట్రోలు తాగదు కదన్నా," అన్నాడు రొప్పుతూ.

పొద్దు వాలేసరికి నేల నున్నగా అయింది. ఒక్క ప్యానెల్‌కూ గీత పడలేదు. భరత్‌కుమార్ నవ్వాపుకుంటూ, పక్క బ్లాకులన్నింటికీ గొర్రెలే కావాలన్నాడు. సంతకు పోవాల్సిన మంద దర్జాగా ఇంటికి పోయింది.

మరునాడు ఏదో సంచి కోసం గోవిందరాజు అంగడి వెనక గోదాములోకి వెళ్లాను. గడ్డి మిషన్లు రెండూ తళతళలాడుతున్నాయి. ఒకదాని తాడు లాగాను. మొదటి లాగుకే గర్రుమంది. ఆయన పరిగెత్తుకొచ్చి ఆపేశాడు.

"చెడిపోయినాయంటివే?"

"మెల్లగన్నా. సాయం చేస్తామంటే ఓబళప్ప గడప తొక్కనిస్తాడా? సాయం అడిగితేనే వచ్చినాడు."

ఆ మాట పూర్తయ్యేలోపే ఓబళప్ప అంగడి మెట్లెక్కాడు.

"సావుకారూ, మిషన్లు బాగయ్యేదాకా భయపడాకండి. నేనుండాను."

"ఇప్పట్లో అయ్యేటట్టు లేవప్పా," అన్నాడు గోవిందరాజు, ముఖం వేలాడేసి.

ఓబళప్ప ఆయన భుజం తట్టి, ధైర్యం చెప్పి వెళ్లాడు.