థియేటర్ ప్రింటుల బిక్షమ్మ నవ్వు

ఇస్రాయేలుకు సినిమాల పిచ్చి అని షాద్‌నగర్ల అందరు అనుకుంటరు. కంపెనీ గేటుకాడ కుర్సీల కూసున్నా, కిరాయి రూముల మంచం మీద ఒరిగినా చేతుల గా పాత ఫోనే. అందుల సూసేది ఒక్కటే సినిమా. అదన్న మంచిగ కనవడ్తదా అంటె అదీ లేదు. తెర ఒక దిక్కు వంగి ఉంటది, నడుమ ఎవనిదో తలకాయ అడ్డమొస్తది, పాట నడుస్తుంటె ఎవలో దగ్గుతరు. "గిదేం సినిమానే, కండ్లు పోతయ్" అని తోటి వాచ్‌మెన్ నవ్వుతడు. నవ్వనియ్యి. ఆయనకేం ఎర్క?

అసలు ముచ్చట ఇనుండ్రి. ఇస్రాయేలు ముప్పై ఏండ్లు మక్తల్‌ల టాకీసు గేటుకాడ టికెట్లు చింపినోడు. సెల్‌ఫోన్లు వచ్చినంక ఆయనకు ఇంకో పని వడ్డది. సినిమా నడుస్తుంటె ఎవడన్న ఫోన్ లేపి తెరను పడ్తుండా అని టార్చి పట్టుకొని తిరుగుడు. దొరికినోని మెడవట్టి బయటికి తోలెటోడు. దొంగ ప్రింటు తీసెటోడంటె ఆయనకు ఒళ్లు మండేది, మా పొట్టగొట్టనీకె పుట్టిండ్రురా మీరు అని తిట్టెటోడు. గసొంటి మనిషి చేతుల ఇయ్యాల దొంగ ప్రింటు. ఏమంటరు దీన్ని?

ఆయన పెండ్లాం బిక్షమ్మ. వారమంత కూలికి పోయేది, ఆయితారం చర్చి కాంగనె మ్యాట్నీకి వచ్చి ఆడోళ్ల దిక్కు ముందట కూసునేది. గేటాయన పెండ్లామని ఎవలు టికెట్ అడుగకపోదురు. బిక్షమ్మ నవ్వుకు ఒక తీరు ఉండేది. హాలంత నవ్వి సల్లవడ్డంక గామెకు జోకు సమజయ్యేది. అప్పుడు నవ్వేది సూడు, మెట్ల మీదికెళ్లి ఇత్తడి బిందె దొర్లినట్టు! ఆ నవ్వుకు హాలంత మల్లొకసారి నవ్వేది. ఇస్రాయేలుకు లోపల ఖుషీగనే ఉండేది, మీదికి మాత్రం "జర మెల్లగ నవ్వరాదె" అని గునిసెటోడు.

తెలంగాణ వచ్చి మూడేండ్లయితుండె. ఓ ఆయితారం కొత్త సినిమా వడ్డది. హాలు నిండింది. టాకీసు సేటు చుట్టాలను తీస్కొచ్చి బాల్కనీల కూసున్నడు. కామెడీ సీను వచ్చింది, అందరు నవ్విండ్రు, ఆగిండ్రు. ఇగ బిక్షమ్మ షురూ చేసింది. బాల్కనీల ఎవడో "ఎవల్దిరా గా నవ్వు? ఏడికెళ్లి వస్తరో!" అన్నడు. ఇస్రాయేలుకు తల కొట్టేసినట్టయ్యింది. టార్చి తీసి నేరుగ బిక్షమ్మ మొఖం మీద కొట్టిండు.

"ఎవలామె? నోరు మూస్కొని సూడరాదా? ఇదేమన్న మీ ఇల్లనుకున్నవా?"

ఎవరో తెల్వనట్టు! ఇరవై ఏండ్లు ఒక్క కంచంల తిన్న మనిషిని పట్టుకొని! బిక్షమ్మ కొంగు నోట్ల కుక్కుకున్నది. ఇంటికి వచ్చినంక లొల్లి వెట్టుకోలే, ఏడ్వలే, ఎప్పటి తీరు బువ్వ వెట్టింది. ఆ తర్వాత రెండు మూడు సార్లు టాకీసుకు వచ్చింది గని కొంగు అడ్డం వెట్టుకొనే సూసింది. ఆ మీదట రాకనే పోయింది. అడిగితె "మోకాళ్లు నొస్తున్నయ్ తియ్యి" అనేది. కరోనాల టాకీసు మూతవడి వడ్ల గోదామయ్యింది. మరుసటేడు పత్తి చేన్ల కూలవడ్డది బిక్షమ్మ. దవాఖానకు పోయేదాంక పాణం ఉండలే. ఒక్కడే ఇంట్ల ఉండలేక ఇస్రాయేలు షాద్‌నగర్ వచ్చి ఈ కంపెనీల వాచ్‌మెన్‌గ చేరిండు.

నిరుడు నవంబర్ల సమాధుల పండుగకు మక్తల్ పోయిండు. పెండ్లాం సమాధికాడ కొవ్వొత్తి వెట్టి, వాపస్ వస్త బస్టాండ్‌కాడ శివకృష్ణ సెల్లు దుకాణంల మెమరీ చిప్పుల సినిమాలు ఎక్కియ్యమన్నడు. బస్సుల పొద్దువోవాలె గదా, అంతే. శివకృష్ణ తన తాన ఉన్న పాతయి, కొత్తయి అన్ని కుమ్మరిచ్చిండు. బస్సు దేవరకద్ర దాటినంక ఇస్రాయేలు ఒక సినిమా పెట్టి చెవుల వైర్లు వెట్టుకున్నడు. ఎక్కడ్నో సూసినట్టే ఉన్నదే అనుకుంటుండు. జోకు వచ్చింది. హాలంత నవ్వింది. ఆగింది. ఇగ ఆ ఎన్క...

బిందె దొర్లింది.

"ఓ దేవా!" అని బస్సుల ఒర్రిండు ఇస్రాయేలు. కండక్టర్ పరేషానై వచ్చిండు. ఏంగాలే ఏంగాలే అన్నడు గని కండ్లల్ల నీళ్లు ఆగుతలేవు. గా ఆయితారమే! ఎనుక వరుసల దొంగోడు ఫోన్ లేపి కూసున్నడు, ఈయన టార్చేమో బిక్షమ్మ మొఖం మీద ఉన్నది. గందుకే దొర్కలే. దొర్కకపోవుడే మంచిదయ్యింది. ఇంతల్నే ఫోన్లకెళ్లి ఆయన గొంతే వచ్చింది. "ఎవలామె?" దబ్బున ఆపిండు.

గా దినంకెళ్లి ఆయన సినిమా సూసుడు గంతే. నలభై రెండో నిమిషం దాంక సూస్తడు, నవ్వు ఇంటడు, తన గొంతు రాకముందె బొటనవేలు వెట్టి ఆపుతడు.

బిడ్డ స్వర్ణకు ఇవేం తెల్వయ్. హైదరాబాద్‌ల నౌకరి, నెలకొక్కసారి వచ్చి బాపును సూసిపోతది. సినిమాల మీద మనసుందని పైసలు కట్టి ఫోన్ల ఒక యాప్ ఎక్కిచ్చింది. అబ్బబ్బ, గా యాపు తోని పడ్డ తిప్పలు! తెరిస్తె నంబరు వచ్చింది చెప్పు అంటది. నంబరేమో బిడ్డ ఫోన్‌కు పోతది, బిడ్డేమో ఆఫీసుల మీటింగుల ఉంటది. ఆమె ఫోనెత్తేవరకు నంబరు సచ్చిపోతది. ఓనాడు తెరుసుకున్నది గని, మీ ఇంట్ల ఇప్పటికే శానమంది సూస్తుండ్రు, నువ్వు ఆగు అన్నది. ఇంకోనాడు హిందీల మొదలువెట్టింది. రేకుల కింద సిగ్నల్ రాదు, సూడాలంటె నీళ్ల ట్యాంకికాడ నిలవడాలె. చిప్పుకు గివేం లేవు. నువ్వెవలు, నీ నంబరెంత అని అడుగదు. పెడితె పాడుతది.

మొన్న ఆయితారం స్వర్ణ కొత్త ఫోన్ తెచ్చింది. "పాతదియ్యి బాపు, దీనికి బదులు షాపుల ఇచ్చేస్తె పైసలు తగ్గిస్తరు. రేపే ఆఖరు."

"చిప్పు తీసి దీంట్ల వెయ్యి."

"దీంట్ల చిప్పు పట్టదు. ఆ సినిమా గూడ యాప్‌లున్నది, సాఫ్‌గ ఉన్నది. దొంగ కాపీ ఎందుకు? గప్పుడు నువ్వే గదా పట్టుకొని తన్నేటోనివి!" అని ముందుగాలనే డౌన్‌లోడ్ చేస్కొచ్చింది పెట్టి సూపెట్టింది. తెర అద్దమోలె మెరిసింది. జోకు వచ్చింది. ఎవలు నవ్వలే.

"దీంట్ల మనుషులు లేరు బిడ్డా" అన్నడు ఇస్రాయేలు. పాత ఫోన్ అంగీ జేబుల కుక్కుకున్నడు. స్వర్ణకు చిరాకైంది, గుంజుకోవోయింది. ఇగ చెప్పక తప్పలే. నోటితోని చెప్పస్తలేదు, నలభై రెండో నిమిషం పెట్టిండు.

నవ్వు వచ్చింది. స్వర్ణ మంచం మీద కూలవడ్డది. "అమ్మ... బాపు, అమ్మ!"

ఆయన బొటనవేలు ఆపనీకె పోయింది. స్వర్ణ చెయ్యి పట్టుకున్నది. "ఉండనియ్యి. ఇంకోసారి నవ్వుతదేమో."

"ఎవలామె? నోరు మూస్కొని సూడరాదా? ఇదేమన్న మీ ఇల్లనుకున్నవా?"

గొంతు గుర్తువట్టనీకె స్వర్ణకు ఎంతసేపు పడ్తది? బాపు మొఖంల మొఖం పెట్టి సూసింది. "అమ్మనా? అమ్మను గిట్ల అన్నవా?"

"అన్న."

"ఎందుకు?"

"సేటు ఉండె. సిగ్గైంది."

స్వర్ణ ముక్కు తుడ్సుకొని, "ఇది నా ఫోన్ల ఎక్కించుకుంట. నీ మాట కోసేసి అమ్మ నవ్వు ఒక్కటే ఉంచుత" అన్నది.

"వద్దు బిడ్డా, కొయ్యకు. అది కోస్తె, ఆమె మల్ల ఎందుకు నవ్వలేదో ఎవలకు తెలుస్తది?" అన్నడు ఇస్రాయేలు. "మల్ల నవ్విందో లేదో నాకే తెల్వదు. మిగిలింది సూడ ధైర్నం చాల్లే."

"సూద్దాం పా" అన్నది స్వర్ణ.

పట్టపగలు, రేకుల కింద ఉక్కపోతల, ఇద్దరు ఒక్క ఫోన్ మీదికి వంగిండ్రు. పాట వచ్చింది, ఫైట్ వచ్చింది. ఇంకో జోకు వచ్చింది. హాలంత నవ్వింది, ఆగింది. ఇద్దరు ఊపిరి బిగవట్టిండ్రు. రాలే.

"నా పెండ్లామే అని ఒక్క మాటంటె ఏం పోయేది బిడ్డా" అన్నడు ఇస్రాయేలు.

స్వర్ణ ఫోన్ సప్పుడు పెంచింది. ఇంకో జోకు వచ్చింది. అందరు నవ్విండ్రు. నవ్వు సల్లవడ్డంక ఇద్దరు మల్ల ఆగి ఇన్నరు.