పేరు చదవని పిడికెడు

మా చిన్నప్పుడు... రేపల్లె పూరింట్లో మా చివరి రోజు. పొద్దున్నే లారీ వచ్చింది. మంచాలు, బిందెలు, రోలు ఎక్కించారు. అమ్మ ఇల్లు ఊడ్చింది. నాన్న తలుపుకి తాళం వేసి, ప్రార్థన చేసి, డ్రైవరు పక్కన కూర్చున్నారు. మధ్యాహ్నానికి తెనాలిలో ఉన్నాం... మా సొంత మేడలో.

అరవైల చివరి మాట. నాకు తొమ్మిదేళ్ళు. అంతకుముందు నాన్న కూలికి వెళ్ళేవారు. తర్వాత కొల్లూరు లంకల్లో అరటితోట కౌలుకి తీసుకున్నారు. నాలుగేళ్ళు వరద రాలేదు. కలిసొచ్చింది.

"అంతా దేవుడి దయ" అనేవారు నాన్న.

"అది గుర్తుంటే చాలు" అనేది నాయనమ్మ. కొడుకు మీద ఆవిడ అనుమానం ఆ లారీలోనే మొదలైంది. వెనక సామాను మధ్య నన్ను దగ్గరికి లాక్కుని అడిగింది.

"ఒరే, పొద్దున మీ అమ్మ బియ్యం తీసిందా?"

"చూళ్ళేదు నాయనమ్మా."

"నేను చూశాలే. తియ్యలేదు."

మా ఇంటి పద్ధతి అది. బియ్యం కడిగేముందు అందులోంచి పిడికెడు తీసి రేకు డబ్బాలో వేసేవాళ్ళు. దేవుడి బియ్యం. ఆదివారం గుడిలో, అంటే మా చర్చిలో, గంప పెట్టేవారు. ఆడవాళ్ళు వరసగా వెళ్ళి తమ డబ్బాలు అందులో ఒంపేవాళ్ళు. ఎవరివి ఎన్నో ఎవరికీ తెలిసేది కాదు. సోలెడు బియ్యం నలుగురం పంచుకుని తిన్న రోజుల్లో కూడా మా ఇంట్లో ఆ పిడికెడు ఆగలేదు...

తెనాలిలో ఆగింది. అక్కడి గుడిలోనూ గంప ఉండేది. మా డబ్బా మాత్రం అటక ఎక్కింది.

"వారం వారం డబ్బా మోసుకెళ్ళడం ఏంటమ్మా, నవ్వుతారు. కోతల పండక్కి బస్తా ఇస్తున్నాంగా" అన్నారు నాన్న.

"బస్తాకి నీ పేరు చదువుతార్రా. పిడికెడుకి ఎవరూ చదవరు."

నాన్న నవ్వేశారు.

ఇక నాయనమ్మ అన్నీ కనిపెట్టి చూసేది. ఒక రోజు భోజనాల దగ్గర అనేసింది.

"ఏరా అబ్బాయ్, ప్రార్థన పొట్టిదైపోతోంది. మధ్యలో కళ్ళు తెరిచి గడియారం కూడా చూశావు."

"మరి నువ్వూ కళ్ళు తెరిచినట్టేగా అమ్మా?"

"నేను కాపలా కూర్చున్నాన్రా."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నన్నూ కాపలా పెట్టింది. ఎసరు పెట్టే వేళకి వంటింట్లోకి పంపేది. "తీసిందా?" అనేది. ఇంట్లో గొడవ ఎందుకని "తీసింది" అని అబద్ధం చెప్పేవాణ్ణి. నా మొహంలోకి చూసేది. నమ్మేది కాదు.

కొన్నాళ్ళకి తనే వచ్చి చాటలోంచి పిడికెడు తీసుకోవడం మొదలుపెట్టింది.

"నాకు ఆ మేరకి తగ్గించి వడ్డించమ్మాయ్."

"అయ్యో, అదేంటి అత్తయ్యా, బోల్డు బియ్యం ఉన్నాయి కదా!"

"ఉన్నాయనేగా నా భయం."

నిజంగానే తక్కువ తినేది. మారు వడ్డించబోతే చెయ్యి అడ్డం పెట్టేది. అమ్మకి తల కొట్టేసినట్టయ్యేది.

కోతల పండగ వచ్చింది. గుడిలో మా బస్తా అన్నిటికంటే ముందుంది. పాస్టరు అయ్యగారు నాన్న పేరు చదివారు. నాన్న కండువా సర్దుకున్నారు. అప్పుడే నాయనమ్మ లేచింది. కొంగున కట్టుకున్న మూట విప్పి, గంపలో ఒంపి వచ్చి కూర్చుంది. అందరూ నాన్న వైపు చూశారు.

ఇంటికి రాగానే నాన్న అరిచారు.

"కొడుకు సరిగ్గా ఇవ్వడం లేదనుకోరా? నా పరువు తీశావమ్మా!"

నాయనమ్మ గొంతు పెంచలేదు.

"కష్టంలో దేవుణ్ణి వదిలినవాళ్ళని నేను చూళ్ళేదురా. కడుపు నిండాక వదిలినవాళ్ళనే చూశాను. నువ్వు వదిలావని అన్లేదు... వదుల్తావేమోనని అనుమానం."

నాన్న ఆ పూట అన్నం తినలేదు. మర్నాడు అమ్మ డబ్బా కిందికి దించింది. నాన్న దించమన్నారో, అమ్మే దించిందో... నాకు ఇప్పటికీ తెలియదు. నాయనమ్మ మాత్రం పోయేదాకా ఇద్దర్నీ పూర్తిగా నమ్మలేదు.

డెబ్బైల్లో బాపట్లలో చదివాను. ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది. మా ఆవిడకి మొదటిసారి జబ్బు చేసినప్పుడు రోజూ మోకాళ్ళ మీద ప్రార్థన చేశాను. ఆమె కోలుకుంది. నెల తిరిగేసరికి నేను మానేశాను.

"పని అయిపోయిందాండీ?" అంది ఒక రోజు, నవ్వుతూ.

రెండేళ్ళ క్రితం ఆమె దేవుడి దగ్గరికి వెళ్ళిపోయింది.

ఈ మధ్య మా అమ్మాయికి కాన్పు కష్టమవుతుందన్నారు. మళ్ళీ మోకాళ్ళూనాను. గురువారం మనవరాలు పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం.

శుక్రవారం ప్రార్థన చేయలేదు. ఈ రోజూ చేయలేదు. ఇందాక గుర్తొచ్చింది... ఎందుకు చేయలేదని అడిగే మనిషి ఇంట్లో లేదు.

ఇప్పుడు మా గుడిలో బియ్యం గంప లేదు. కానుక ఫోనులో పంపితే పేరుతో సహా రసీదు వస్తుంది. మీ ఇళ్ళలో కూడా మిమ్మల్ని అలా అనుమానంగా చూసిన పెద్దవాళ్ళు ఉంటే, వాళ్ళ గురించి రాయండి... చదువుతాను.

రేపు ఆదివారం. పొద్దున ఆరింటి ఆరాధనకి వెళ్తాను. అడగడానికి ఏమీ లేదు. అయినా వెళ్తాను.