వీపు వెనక జేబు

శుక్రవారం సాయంత్రం బ్రానిక్ స్టేషన్‌లో, సాజవ నది వెంట పోయే రైలు ఎక్కబోతూ ఒక కాలు మెట్టు మీదా ఇంకో కాలు ప్లాట్‌ఫారం మీదా ఉన్నప్పుడు, బోహుష్ పెటెర్కా వీపున ఉన్న సంచికి అడుగు ఊడిపోయింది. ముందు రొట్టె పడింది. దాని వెంట మూతలేని గిన్నె, గొడ్డలి, సాసేజీల పొట్లం, కొన్ని ఉల్లిపాయలు పడ్డాయి. ఇంక అంతా అయిపోయిందనుకున్నాక, బాగా ఆలోచించుకుని మరీ వచ్చినట్టు, ఒక పొడుగు ఉన్ని లాగు నెమ్మదిగా జారి అన్నిటి మీదా పరుచుకుంది.

వెనక నిలబడ్డ ఆవిడ కుక్కపిల్ల సాసేజీల పొట్లం దగ్గరకి వెళ్ళింది.

“మావాడు బయటి తిండి ముట్టడండీ,” అంది ఆవిడ.

“అవునండీ, ముట్టకుండానే మింగేస్తున్నాడు,” అన్నాడు బోహుష్ మర్యాదగా, ఉల్లిపాయలు ఏరుకుంటూ.

తలుపు దగ్గర గార్డు వంగి చూశాడు. “వంటిల్లు ఎక్కిందాండీ? పడగ్గది కూడా ఉంటే తొందరగా ఎక్కించండి, బండి కదలాలి.”

బోహుష్ లాగు కాళ్ళు ముడేసి, దాన్నే మూటగా చేసి, అన్నీ అందులో కుక్కుకుని ఎక్కాడు. కిటికీ పక్కన కూర్చుని మూటని ఎదురు సీట్లో పెట్టాడు. ఆ సీటు లుబోర్‌ది.

లుబోర్ చచ్చిపోయాడేమోనని కంగారు పడకండి. పెళ్ళి చేసుకున్నాడంతే.

బోహుష్, లుబోర్ ఇద్దరూ ట్రాంపులు. శుక్రవారం పని దిగగానే పాత సైనికుల చొక్కాలు తొడుక్కుని అడవికి పోయి, చెట్ల కింద పడుకుని, ఆదివారం ఒంటినిండా పొగవాసనతో ఇళ్ళు చేరే జాతి. ఆ జాతిలో చేరినవాడి అసలు పేరు ఊళ్ళోనే ఉండిపోతుంది, అడవిలో వేరే పేరు పెడతారు. బోహుష్ పొట్టివాడు, ఎప్పుడూ ఏదో ఒకటి దాచుకుంటాడు, అందుకని ఉడత అయ్యాడు. లుబోర్ తన ముక్కు పుణ్యమా అని గద్ద అయ్యాడు. మీసాలు మొలిచినప్పటినుంచీ ఉడతా గద్దా కలిసే తిరిగారు, కలిసే సర్దుకున్నారు. గిన్నె ఉడత సంచిలో ఉండేది, దాని మూత గద్ద సంచిలో. గొడ్డలీ రొట్టే ఇటు, టార్పాలినూ ఉప్పూ టీపొడీ అటు. రెండు సంచులూ కలిస్తే ఒక ఇల్లు. విడివిడిగా చూస్తే రెండూ దేనికీ కొరగావు. ఆ సంగతి ఇద్దరిలో ఎవరికీ ఏనాడూ తట్టలేదు.

వసంతంలో లుబోర్ మిలుషే అనే ఆవిడని పెళ్ళాడాడు. ఆవిడకి పట్నం అంచున తోట, తోటలో ఇల్లు, ఇంట్లో వేడినీళ్ళు. ఇప్పుడు శుక్రవారం సాయంత్రాలు లుబోర్ కంచెకి రంగు వేస్తున్నాడు.

కొత్త సంచి కొనక తప్పలేదు. బోహుష్ ట్రాము డిపోలో సీట్లకి రెక్సిన్ కుడతాడు, కాబట్టి ఏ వస్తువైనా ముందు తిరగేసి కుట్టు చూస్తాడు. పట్నంలో పెద్ద దుకాణంలో గడ్డం మనిషి ఒకడు, నేల మీద కార్పెట్ ఉన్నా కొండలెక్కే బూట్లు వేసుకుని, ఎదురొచ్చాడు.

“ఎంతమందికండీ?”

“ఇద్దరికి...” అని బోహుష్ తన బూట్లకేసి చూసుకున్నాడు. “కాదులెండి, ఒక్కడికే. కానీ ఇద్దరి సామాను పట్టాలి.”

“ఇద్దరి సామాను మీరొక్కరే ఎందుకండీ మోయడం?”

“ఇల్లు ఒకటే కదండీ.”

గడ్డం మనిషి నారింజరంగు బ్యాగు ఒకటి దించాడు. “ఇది చూడండి. ఛాతీ పట్టీకి ఈల కూడా ఉంది. దారి తప్పితే ఊదుకోవచ్చు.”

“ఊదితే ఎవరొస్తారు?”

“ఎవరో ఒకరు వస్తారు లెండి.”

“ఎవరో ఒకరు నాకు అలవాటు లేదండీ,” అని బోహుష్ బ్యాగుని చెవి దగ్గర పెట్టుకుని నలిపాడు. గరగరమంది. దీన్ని తగిలించుకుంటే అడవిలో జింకలు సరే, ఆ రంగు చూసి తోటి ట్రాంపులు కూడా పారిపోతారు. దణ్ణం పెట్టి బయటపడ్డాడు.

చివరికి సైన్యం పాత సామాన్లమ్మే చోట దొరికింది. ఆకుపచ్చకీ బూడిదరంగుకీ మధ్యన ఏదో రంగు కాన్వాసు, పడవంత కడుపు, తుపాకీ నూనె వాసన. తిరగేసి అతుకులు లాగి చూశాడు. ఒక్క పట్టీ పట్టుకుని ఎత్తి ఊపాడు. కొట్టువాడు చూడకుండా దాని మీద కాసేపు కూర్చున్నాడు కూడా. అది ఏమీ అనలేదు. కొనేశాడు.

ఇక మిగిలింది టార్పాలిన్. అది లుబోర్ దగ్గరే ఉంది. అడిగి తెచ్చుకుందామని ఆదివారం తోట ఇంటికి వెళ్ళాడు. మిలుషే మంచావిడ. గసగసాలు కూరిన బన్నులు పెట్టింది, కాఫీ పోసింది. “ఆ చలిలో నేల మీద ఏం పడకలండీ బోహుష్‌గారూ? మా వెనకగదిలో పడుకోండి, కిటికీ తీస్తే చెట్లు కనపడతాయి,” అంది. లుబోర్ గోళ్ళ నిండా ఆకుపచ్చ రంగు ఉంది.

కిటికీ తీస్తే చెట్ల కంటే ముందు టార్పాలినే కనపడింది. స్ట్రాబెర్రీ మడి మీద పరిచి, నాలుగు మూలలా ఇటుకలు పెట్టారు.

“వానకి పళ్ళు కుళ్ళిపోతున్నాయిరా,” అన్నాడు లుబోర్, అతని చూపు ఎటు పోయిందో చూసి.

“పళ్ళు బాగా కాశాయి,” అన్నాడు బోహుష్.

గేటు దాకా సాగనంపుతూ లుబోర్ గొంతు తగ్గించాడు. “ఒక శుక్రవారం వస్తానురా ఉడతా. ఈ కంచె పనొకటి అవనీ.”

బోహుష్ కంచెకేసి చూశాడు. చాలా పొడుగు కంచె. అయినా ఆ మాట పట్టుకుని ఇంటికొచ్చి దబ్బనం తీశాడు.

వేసవి మొదలంతా సాయంత్రాలు సంచితోనే గడిచాయి. అడుగున, డిపోలో తీసి పారేసిన ట్రాము సీటు రెక్సిన్ రెండు మడతలేసి కుట్టాడు. ఈసారి ప్లాట్‌ఫారం మీద లాగు పరుచుకునే ప్రమాదం లేదు. భుజం పట్టీల కింద కంబళి ముక్కలు వేశాడు. జిప్పులు పీకేసి కర్ర బొత్తాలు పెట్టాడు, ఎందుకంటే జిప్పు మంచుకి బిగుసుకుంటుంది, కర్ర బొత్తాం చలికి కొయ్యబారిన వేళ్ళకీ లొంగుతుంది. ఇనప కొక్కేలు చప్పుడు చేయకుండా గుడ్డ చుట్టాడు. గొడ్డలికి ఒక పక్క తోలు ఉంగరం, గిన్నెకి ఇంకో పక్క గూడు. కొత్త టార్పాలినూ ఉప్పుబుర్రా టీడబ్బా కూడా చేరాయి. కాన్వాసు మీద మైనం రుద్ది ఇస్త్రీపెట్టెతో కరిగించాడు. ఇల్లంతా చర్చిలా వాసనేసింది.

అన్నిటికంటే చివర నీళ్ళసీసా జేబు కుట్టాడు. సంచి వెనక, నట్టనడుమ. ముందు నడిచేవాడి సీసా వెనక నడిచేవాడి చేతికి అందేచోట ఉండడం వాళ్ళిద్దరి పద్ధతి. లుబోర్‌వి పొడుగు కాళ్ళు, ముందు నడిస్తే కనపడకుండా పోతాడని ఎప్పుడూ బోహుష్‌నే ముందు నడిపించేవాడు. దాహమేస్తే బోహుష్ అరచెయ్యి భుజం మీదుగా వెనక్కి చాపేవాడు. లుబోర్ సీసా తీసి, తనొక గుక్క తాగి, ఆ చేతిలో పెట్టేవాడు. ఆగనక్కర్లేదు, మాట్లాడనక్కర్లేదు. కొత్త సంచికీ చెయ్యి అలవాటుగా అక్కడే జేబు కుట్టింది. అదీ రెండు వరసల కుట్టు.

కొత్త సంచితో బయల్దేరిన మొదటి శుక్రవారం, అడవిలో ఏటవాలు ఎక్కుతున్నప్పుడు దాహమేసింది. బోహుష్ నడుస్తూనే అరచెయ్యి భుజం మీదుగా చాపాడు.

చేతిలో ఏదో చల్లగా, మెత్తగా పడింది. చూస్తే పుట్టగొడుగు.

వెనక బుట్ట పట్టుకుని ఒక ముసలావిడ నిలబడి ఉంది. “తీసుకో నాయనా, ఇది తినేదే, భయపడకు. అడగడానికి అంత సిగ్గెందుకు?”

బోహుష్ చెవులు ఎర్రబడ్డాయి. “పుట్టగొడుగుకి కాదు పెద్దమ్మా. ఆ సీసా కాస్త తీసిస్తారా?”

ఆవిడ సీసా తీసిచ్చింది, కానీ దారిన పోలేదు. బుట్ట కింద పెట్టి జేబుని పట్టి పట్టి చూసింది. “ఎవరు కుట్టారయ్యా ఇక్కడ? నీ చేతులేమైనా వెనక్కి తిరుగుతాయా?”

“నేనే కుట్టుకున్నానండీ.”

“కుట్టు బాగుంది,” అంది ఆవిడ జాలిగా. “ఎవరికోసం?”

బోహుష్ అవసరానికి మించి నీళ్ళు తాగాడు. మూత బిగించి సీసా ఆవిడకే ఇస్తే ఆవిడే మళ్ళీ జేబులో పెట్టింది. ఆ రోజుకి ఇక దాహమేయకుండా ఉంటే బాగుండుననుకుంటూ నడిచాడు.

చీకటి పడకముందే ట్రాంపులంతా చేరే బసకి చేరాడు. అక్కడ పద్ధతి ప్రకారం వచ్చినవాడు నెగడు చుట్టూ తిరిగి, బొటనవేలికి బొటనవేలు మెలేసి అందరితో చేతులు కలపాలి. చేయి కలిపిన ప్రతివాడూ “గద్ద ఏడిరా?” అన్నాడు. బోహుష్ ప్రతివాడికీ “స్ట్రాబెర్రీలు” అని చెప్పుకుంటూ వెళ్ళాడు. బోజ్కా అని పాతకాలం మనిషి, అడవిలో పేరు పిచ్చుక, కొత్త సంచి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసింది.

“బ్రహ్మాండంగా ఉందిరా ఉడతా. కానీ వెనక బొత్తాలున్న గౌనులా ఉంది. మొగుడు లేకుండా తొడుక్కోవడం కష్టం.”

అందరూ నవ్వారు, బోహుష్ కూడా నవ్వాడు. రాత్రి కొత్త టార్పాలిన్ కట్టుకుంటే ఒక్కడికి మరీ పెద్దదైంది. గిన్నెలో టీ కూడా ఇద్దరికి సరిపడా కాచాడు.

తర్వాతి శుక్రవారాల్లోనూ ఆ జేబు అక్కడే ఉంది. దాహమేసినప్పుడల్లా ఆగడం, సంచి దింపడం, తాగడం, మోకాలి మీదికెత్తి మళ్ళీ తగిలించుకోవడం. మార్చేయడానికి ఒక్క పూట చాలు. కానీ మార్చాక లుబోర్ వస్తేనో? వచ్చి చూస్తే, వీడు నా కోసం ఎదురుచూడడం మానేశాడనుకోడూ? ఒకసారి ఆదివారం ఊరికే అటువైపు నడిచి చూశాడు. కంచె రంగు పూర్తయింది. లుబోర్ ఇప్పుడు దొడ్డి తలుపుకి వేస్తున్నాడు. బోహుష్ పలకరించకుండానే వెనక్కొచ్చేశాడు.

ఆ మధ్యాహ్నమే జేబు విప్పడం మొదలెట్టాడు. తన కుట్టు మీద తనకే కోపమొచ్చింది. ఒక్కో పోగూ కోసి లాగాలి. ఊడిపోకూడదని కుట్టినది మరి. సాయంత్రానికి ఊడింది. కాన్వాసులో రెండు వరసల చిల్లులు మిగిలాయి. మైనం రుద్దాడు, ఇస్త్రీ చేశాడు, అయినా దీపానికి అడ్డం పెడితే కనపడుతూనే ఉన్నాయి. జేబుని నడుము పట్టీకి కుడిపక్కన కుట్టాడు. చెయ్యి కిందికి వదిలితే సరిగ్గా సీసా మీదే పడుతుంది.

ఆ శుక్రవారం ఎక్కడా ఆగకుండా నడిచాడు. ఆగాల్సిన పని లేకపోవడంతో బసకి అందరికంటే ముందే చేరాడు. చేతులు కలపడానికి ఎవరూ లేరు. పోయినవారపు బూడిద పక్కన కూర్చుని, దాహం లేకపోయినా ఇంకోసారి నీళ్ళు తాగాడు.

ఆకులు రంగు మారాక ఒక శుక్రవారం, రైలు కదలబోతుంటే లుబోర్ ఎక్కాడు. మిలుషే చెల్లెలి దగ్గరకి వెళ్ళిందట. అతని పాత సంచి నిండా బన్నులూ ఇస్త్రీ చేసిన పైజమాలూ ఉన్నాయి. గిన్నె మూత మాత్రం మర్చిపోయాడు. ఎదురు సీట్లో కూర్చుని దారంతా స్ట్రాబెర్రీల గురించి మాట్లాడాడు. బోహుష్ ఊకొట్టాడు. నవ్వు ఆపుకోలేక కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

ఏటవాలు దగ్గర ఎప్పటిలాగే బోహుష్ ముందు, లుబోర్ వెనక. సగం ఎక్కాక వెనకనించి రొప్పు వినపడింది. తర్వాత సంచి మీద ఒక చెయ్యి అటూ ఇటూ తడుముకోవడం తెలిసింది. ఆ చెయ్యి చిల్లుల వరస మీద కాసేపు ఆగింది.

“ఒరేయ్ ఉడతా, సీసా ఏదిరా? ఇక్కడంతా బోడిగా ఉందేంటి? ఇంత బాగా కుట్టినవాడివి, వెనకవాడికి గుక్కెడు నీళ్ళు అందే దారే లేకుండా చేశావేంట్రా?”

బోహుష్ నడుము దగ్గర సీసా తీసి, తిరిగి చూడకుండా భుజం మీదుగా వెనక్కి చాపాడు.

“జేబు ఇటు కుట్టినప్పుడు వెనక ఎవరూ లేరురా.”